మూత కింద అడుగు

గంటలో గాలి లేస్తుందని చెప్పి గార్డు హడమత్ సింగ్ జీపెక్కాడు. ఆ మాట విన్నప్పటినుంచీ ధాపూ ఒక కన్ను పడమటి దిక్కున వేసి, ఇంకో కన్ను ఇసుకమీద వేసి కూర్చుంది. పడమట ఆకాశం అడుగున పసుపు చార ఒకటి కనిపిస్తోంది, బెత్తెడే, ఇంకా దూరానే ఉంది, కానీ అది లేచి వచ్చిందంటే పలకమీద తడిగుడ్డ పెట్టినట్టు ఈ ఇసుకమీద ఉన్నదంతా చెరిగిపోతుంది, చెరిగిపోతే కూతురు ఇమరతీ ఎటు వెళ్ళిందో చెప్పే సాక్షి ఇంకెవరూ మిగలరు. నాలుగేళ్ళ పిల్ల. ఇందాక ఇక్కడే ఉంది, గార్డు గుడిసె ముందు ఈ జమ్మిచెట్టు నీడలోనే, బెల్లం రాసిన సజ్జరొట్టె ముక్క పట్టుకుని చీమలకి పంచిపెడుతోంది, ధాపూ వంగి గిన్నెలోకి మజ్జిగ వంచింది, కొడుకు భోమాని ఒక కసురు కసిరింది, అంతే, తలెత్తేసరికి రొట్టె ముక్క ఉంది, చీమలున్నాయి, పిల్ల లేదు. ఆ కాస్తసేపట్లో ఒక పిల్ల ఎంత దూరం పోతుంది? ఊళ్ళో అయితే సందు మలుపుదాకా పోతుంది, మలుపు దగ్గర ఎవరో ఒకరు పట్టుకుని ఎవరి పిల్లవే నువ్వు అని అడుగుతారు. ఇక్కడ మలుపే లేదు. ఎటు చూసినా సేవణ్ గడ్డి దుబ్బులు, ముళ్ళపొదలు, వాటి మధ్య ఇసుక, ఆ ఇసుక పోయి పోయి ఆకాశంలో కలిసిపోయింది, అంత పెద్ద ఆకాశం కింద మూరెడు పిల్ల.

"నువ్విక్కడే ఉండు భోమా వాళ్ళమ్మా," అన్నాడు మొగుడు టీకూరామ్ వెళ్తూ వెళ్తూ, "నువ్వు కనిపిస్తుంటే అదే తిరిగొస్తుంది." గార్డు అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. "కదలకండి బాయీసా. ఈ నేల కొత్తవాళ్ళని తిప్పేస్తుంది. తప్పిపోయిన ఇంకో మనిషిని నేను వెతకలేను." వాళ్ళ జీపు ఉత్తరానికి పోయింది. ఫోటోలు తీసుకోవడానికి జోధ్‌పూర్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు, పాపం మంచివాళ్ళే, తమ జీపు తీసుకుని దక్షిణానికి పోయారు. కొత్తవాళ్ళట. రావతారామ్ పగీ కూతురు ఇసుకకి కొత్తదట. ఇంకోరోజైతే నవ్వేది. కానీ నిజమేనేమో, ఏడేళ్ళుగా జైసల్మేర్ రాతి సందుల్లో కాపురం, మొగుడు పసుపురాయి కోస్తాడు, అమావాస్యనాడు వాళ్ళు ఉలి ముట్టరు కాబట్టి నెలకి ఆ ఒక్కరోజే సెలవు, ఆ సెలవు నాడు కొడుకు మాట కాదనలేక వచ్చారు. భోమాకి ఆరేళ్ళు, బడిపుస్తకంలో గోడావణ్ బొమ్మ చూపించి నెలరోజులుగా ప్రాణం తీశాడు, మన బట్టమేక పిట్టే అది, వాడి ఎత్తు ఉంటుంది, ఈ అభయారణ్యంలో తప్ప ఇంకెక్కడా పెద్దగా మిగల్లేదు. పొద్దుటినుంచీ రెండు జింకలూ ఒక నక్కా తప్ప ఏమీ కనిపించలేదు. "పుస్తకంలోనే బాగుంది," అని మూతి ముడుచుకున్నాడు, అందుకే కసిరింది. ఇప్పుడు వాడే ఆమె ఓణీ కొంగు పిడికిట్లో పట్టుకుని, ఏడవాలో వద్దో తెలియక ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

బాపూ ఉంటే బాగుండేది. కన్నతండ్రి పోయి మూడేళ్ళు. రావతారామ్ అడుగులు చదివేవాడు, పగీ అంటే అదే పని, తప్పిపోయిన ఒంటెనీ, దొంగలెత్తుకుపోయిన మేకనీ, ఆ దొంగనీ కూడా ఇసుకమీద గుర్తులు చూసి పట్టిచ్చేవాడు. ఆయనకి నలుగురూ ఆడపిల్లలే, నాలుగోదానికి ధాపూ అని పేరు పెట్టారు, అంటే కడుపు నిండింది స్వామీ ఇక చాలు అని దేవుడికి మనవి చేసుకోవడం, దేవుడు ఆ మనవి మరీ గట్టిగా విని మొత్తానికే ఆపేశాడు, కొడుకు పుట్టనేలేదు. విద్య తన అన్న కొడుక్కి చెప్పబోతే వాడు ఆవులించేవాడు. కూతుళ్ళకి చెప్పే ఆచారం లేదు. కానీ వాకిలి ఊడ్చే చీపురు మాత్రం ధాపూ చేతికే ఇచ్చారు, తెల్లవారి చీపురు వేసేముందు రాత్రి తిరిగిన అడుగులన్నీ వాకిట్లో ఉండేవి, అమ్మవీ అక్కలవీ కుంటిమేకవీ, ఊడ్చే పిల్లకి తెలియకుండా ఎవరు తిరగగలరు? "రాత్రి మామ వచ్చిపోయాడేం బాపూ, ఆయనకి మోకాలు నొప్పా?" అని ఒకనాడు అడిగితే బాపూ నోట్లో బీడీ అలాగే ఆరిపోయింది. ఆ తర్వాత కూడా నేర్పుతున్నానని ఎన్నడూ ఒప్పుకోలేదు మహానుభావుడు, మంచంమీద కూర్చుని తనలో తను అనుకున్నట్టు పైకి అనేవాడు, ఆమె ఊడుస్తూ వినేది. ముందు నీకు తెలిసిన అడుగులన్నీ తీసెయ్యి. అన్నిటికన్నా ముందు నీవి తీసెయ్యి. మిగిలిందే నువ్వు వెతికేది.

తీసేస్తూనే ఉంది ఇందాకటినుంచీ. జీపు టైర్లు తీసేసింది, గార్డు బూట్లు తీసేసింది, కుడికాలు కాస్త బయటికి పెట్టి నడిచే టీకూరామ్ చెప్పులు తీసేసింది, భోమా రబ్బరు చెప్పులు తీసేసింది, ఫోటోల కుర్రాళ్ళ బూట్లు, వాటి అడుగున ఏవో అక్షరాలు, అవీ తీసేసింది. తనవి ఎప్పుడో తీసేసింది, పొద్దుటినుంచీ ఇక్కడే పదిసార్లు తిరిగింది, తన జోళ్ళ గుర్తులు గుడిసె చుట్టూ, చెట్టు చుట్టూ, నాలుగుపక్కలా ఉన్నాయి. ఇమరతీ చెప్పులు ఇక్కడే పడున్నాయి, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా, కాబట్టి వెతకాల్సింది వట్టి పాదం, అయిదు చిన్న వేళ్ళు, శనగగింజలంత. నీడలో ఉన్నాయవి. చీమల దగ్గర ఉన్నాయి. నీడ దాటితే ఒక్కటంటే ఒక్కటి లేదు. నీడ అంచుదాకా వచ్చిన పిల్ల అక్కడినుంచి ఆకాశంలోకి ఎక్కిపోయినట్టు ఆగిపోయాయి. ధాపూ మళ్ళీ మొదటినుంచి తీసేసుకుంటూ వచ్చింది, మళ్ళీ ఏమీ మిగల్లేదు. విద్య అంతా ఒట్టిదేనేమో, చీపురు పట్టిన పిల్ల గొప్పలేనేమో, రాతి సందుల్లో ఏడేళ్ళు నడిచాక కళ్ళకి ఇసుక రాదేమో. పడమట చార ఇప్పుడు జానెడైంది. జీపు హారన్లు వినబడ్డాయి, చాలా దూరంనుంచి, తప్పు దిక్కునుంచి, అది తప్పు దిక్కని ఎలా తెలుసో ఆమెకి తెలియదు.

"మా," అన్నాడు భోమా, "నీ కాళ్ళు కాలట్లేదా?"

చూసుకుంది. చెట్టుకీ గుడిసెకీ మధ్య ఎండలో నిలబడి ఉంది, ఎప్పుడు లేచి నిలబడిందో, చైత్రమాసపు ఇసుకలో వట్టి కాళ్ళు, పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి, కాలుతున్న సంగతి వాడు చెప్పాకే తెలిసింది. వట్టి కాళ్ళు. మరి జోళ్ళేవి? తినేముందు దుప్పటి అంచున విడిచింది, ఒంటె తోలు జోళ్ళు, మడమల కింద ఒక్కోదానికి మోచీ కొట్టిన మూడు మేకులు. దుప్పటి అంచున లేవు. ధాపూ మళ్ళీ గుర్తులవైపు తిరిగింది. పాతిక అడుగుల దూరంలో, గుడిసె వెనక, మూడు మేకుల గుర్తు ఒకటి తూర్పుకి పోతోంది. గుడిసె దాటి అటు ఆమె పొద్దుటినుంచీ వెళ్ళలేదు. అరగంటగా చూస్తున్న అడుగే అది, నాది కదా అని అరగంటగా తీసేస్తున్న అడుగే. దగ్గరికి పరుగెత్తి మోకాళ్ళమీద కూలబడింది. జోడు ఆమెదే, నడక ఆమెది కాదు. మడమ దగ్గర అచ్చు లోతుగా దిగలేదు, ముందు భాగం అసలు పడనేలేదు, అడుగుకీ అడుగుకీ మధ్య ఇసుకని ఈడ్చుకుపోయిన గీత ఉంది, పెద్ద జోళ్ళలో చిన్న పాదాలు జారకుండా వేళ్ళు బిగబట్టి నడిచిన గీత, రోజూ సాయంత్రం ఇంట్లో అమ్మ జోళ్ళు వేసుకుని అద్దం ముందు టకటకలాడే పిల్ల గీత. ఓరి దేవుడా, కన్నతల్లివి, పగీ కూతురివి, నీ కాలికింద ఉన్నది చూసుకోలేకపోయావు. ఎవడైనా జోడు మార్చగలడు ధాపూ, బరువు మార్చలేడు, అనేవాడు బాపూ, ఒకసారి ఒంటెల దొంగ చెప్పులు వెనక్కి తిప్పి కట్టుకుని నడిస్తే నవ్వి, అడుగులు చూపించే వైపుకి కాక వాడు వెళ్ళిన వైపుకి తిన్నగా నడిచి వాడి ఇంటిముందు కూర్చుని మజ్జిగ అడిగి తాగాడు.

గట్టిగా అరిచి జీపుల్ని పిలవాలనుకుంది, ఆ హారన్ల మధ్య ఎవరికి వినబడుతుంది, వాళ్ళు వచ్చేదాకా ఆగితే గాలి ముందొస్తుంది. రొట్టెల డబ్బా మూత తీసుకొచ్చి, అన్నిటికన్నా స్పష్టంగా పడిన అడుగుమీద బోర్లించింది. పంచాయితీ వచ్చేదాకా దొంగ అడుగుమీద బాపూ కుండ బోర్లించేవాడు, గాలి వచ్చినా ఒక్కటి మిగలాలి, ఒక్కటుంటే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. మూత అంచున ఒక రాయి పెట్టింది. "నా వెనకే రా," అంది భోమాతో, "నా అడుగులోనే అడుగెయ్యి, పక్కన తొక్కావో చంపుతాను." వాడు ఆమె అడుగులో చెప్పు ఆనించాడు.

తూర్పుకి నడిచింది. నడిచిందో ఇసుకే నడిపించిందో, కాళ్ళు వేరే ఎవరివో అయినట్టున్నాయి, కళ్ళొక్కటే తనవి. ఇక్కడ పిల్ల ఆగింది. ఇక్కడ కూర్చుంది, లంగా అంచు ఇసుకని ఊడ్చింది, పేడపురుగు ఒకటి ఉండ దొర్లించుకుంటూ పోయిన దారి ఉంది, దాని వెంట ఇమరతీ వేలు కూడా గీత గీసుకుంటూ పోయింది, ఆ వేలి గీత చూసి ధాపూకి ఏడుపు గొంతులోకొచ్చింది, మింగేసింది, కళ్ళలో నీళ్ళుంటే అడుగు కనబడదు. ఇక్కడ లేచింది. ఇక్కడ ఒక జోడు జారితే మళ్ళీ వేసుకుంది, ఎడమదానిలో కుడికాలు పెట్టింది, మా జోళ్ళకి ఎడమా కుడీ లేదులే. ఎంత శ్రద్ధగా నడిచింది, ఎక్కడా పరుగు లేదు, ఏడ్చిన పిల్ల నడక కాదిది, ఎక్కడికో పనిమీద పోతున్న మనిషి నడక. ఎక్కడికి తల్లీ? గడ్డిదుబ్బుల మధ్య నేల కాస్త మెత్తబడింది, అక్కడ ఇంకో అడుగు కలిసింది. ధాపూ ఆగిపోయింది, వెనకనుంచి భోమా వచ్చి ఆమె నడుముకి గుద్దుకున్నాడు. మూడు వేళ్ళు, మూడూ ముందుకే, వెనకవేలు లేదు. అరచెయ్యంత అడుగు. దాని పక్కనే, దాన్ని ఎక్కడా తొక్కకుండా, జోళ్ళ గీత. ఇంకొంచెం ముందు ఇంకోటి, మళ్ళీ దాని పక్కనే జోడు. ఇమరతీ ఊరికే పోవట్లేదు, ఆ అడుగుల్ని చూసుకుంటూ పోతోంది. ఈ పిల్లకి ఎవరు చెప్పారు పక్కన నడవమని? ఎవరూ చెప్పలేదు, బాపూ పోయేటప్పటికి దానికి పళ్ళు కూడా పూర్తిగా రాలేదు. అంత భయంలోనూ ధాపూకి ఒళ్ళు జలదరించింది, అది భయం జలదరింపు కాదు.

ఆ మూడు వేళ్ళ గోడావణ్ అడుగు బాపూకి బాగా తెలుసు. బాపూ పడుచువాడుగా ఉన్నప్పుడు, వేట ఇంకా నేరం కాని రోజుల్లో, తుపాకులున్న పెద్దమనుషులు జీపులో వచ్చి ఆయన్ని ముందు కూర్చోబెట్టుకుని వెళ్ళారు. ఆయన చదివి చూపించాడు, తిన్నగా తీసుకెళ్ళాడు, పెట్టపిట్ట లేవలేదు, ఎందుకు లేవలేదో దాన్ని కాల్చాక తెలిసింది, దాని కింద ఒక్క గుడ్డు. ఏడాదికి ఒక్కటే పెడుతుంది అది, గూడు కట్టదు, నేలమీదే. జీపు వెనక్కి తిప్పుతుంటే చక్రం దానిమీదినుంచే పోయింది. బహుమతిగా ఎర్ర కంబళి ఇచ్చారు. ఆ కంబళి బాపూ ఎన్నడూ కప్పుకోలేదు, మాఘమాసపు చలిలో కూడా మేకలకే కప్పాడు. ఆ తర్వాత ఎప్పుడైనా మేకల వెంట పోతూ మూడు వేళ్ళ అడుగు కనబడితే తలపాగా చెంగు విప్పి దాన్ని తుడిచేసేవాడు, వరసగా, వంగి, ఎంతదూరం పోతే అంతదూరం. ఎందుకు బాపూ అంటే, "నేను చదివితే ఇంకోడు కూడా చదువుతాడు," అనేవాడు. అంతకన్నా చెప్పేవాడు కాదు. ఆ కంబళి సంగతి అమ్మ చెప్పింది, ఆయన పోయిన పదోరోజున.

అలా అనుకుంటూనే గడ్డిదుబ్బు దాటింది, దాటగానే పొదకింద ఎర్ర లంగా. ఇమరతీ. గొంతుక్కూర్చుని ఉంది, గడ్డం మోకాళ్ళమీద, జోళ్ళు విడిచి పక్కన జంటగా పెట్టుకుంది, బరువై విడిచిందో, దేవుడి తావులో విడవాలని నేర్పింది గుర్తొచ్చి విడిచిందో. ధాపూ నోరు తెరిచింది. పేరు నాలుకమీదికి వచ్చేసింది, ఆ పేరుతోపాటు అరగంటగా బిగబట్టుకున్నదంతా వచ్చేసేది, తిట్లూ ఏడుపూ అన్నీ. ఆ క్షణంలో పిల్ల తల తిప్పి తల్లిని చూసింది, చూసి, చిన్న వేలు పెదాలమీద పెట్టుకుంది. పొద్దుటినుంచీ ధాపూ దానికి ఎన్నిసార్లు పెట్టి చూపించిందో అచ్చం అలాగే, కళ్ళు పెద్దవి చేసి, కనుబొమలు పైకెత్తి. తర్వాత వేలు తీసి ముందుకి చూపించింది.

ముందు ఏమీ లేదు. ఇసుక, ఎండుగడ్డి, గడ్డిరంగు నేల. తర్వాత ఆ నేల ఒక కన్ను తెరిచింది. అప్పుడు కనబడింది మొత్తం, పాతిక అడుగుల్లో, గోధుమరంగు వీపు, సన్నని పొడుగాటి మెడ, తలమీద నల్లటి టోపీ. అంత పెద్దది, అంతసేపూ అక్కడే ఉంది. పిట్ట మెల్లగా లేచి నిలబడింది, కాళ్ళ మధ్య గుడ్డు, రాయనుకుంటే రాయే. రెక్కలు రెండూ కాస్త విప్పి గుడ్డుమీద నీడపట్టింది, ముక్కు దించి దాన్ని ఒకవైపునుంచి ఇంకోవైపుకి దొర్లించింది, రొట్టె తిరగేసినంత మామూలుగా, మళ్ళీ కూర్చుంది, పొట్ట కింద సర్దుకుంది. ఈ ఎడారంతా, ఆ చివరనుంచి ఈ చివరదాకా, ఆకాశం అంచున బొమ్మల్లా నిలబడ్డ ఆ గాలిమరల దాకా, ఇంతేసి ఖాళీ, ఆ ఖాళీ అంతా ఆ గుడ్డు చుట్టూ వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఆమెకి దణ్ణం పెట్టాలనిపించింది, చేతులు లేవలేదు. పక్కన భోమా ఉన్నాడని గుర్తొచ్చి వాడి నోటిమీద చెయ్యి వెయ్యబోయింది, అక్కర్లేకపోయింది, వాడి నోరు తెరుచుకునే ఉంది, అందులోంచి శబ్దం ఒక్కటే రావట్లేదు. పిట్ట ముగ్గుర్నీ చూస్తోంది. లేచిపోవచ్చు, లేచిపోతే కాకులున్నాయి, నక్క ఉంది, అది దానికీ తెలుసు. అందుకని కూర్చుంది, భయపడుతూనే కూర్చుంది, మెడలో చర్మం టపటపా కొట్టుకుంటోంది. ధాపూకి ఆ కొట్టుకోవడం తన గొంతులో తెలిసింది. బాపూ, చూస్తున్నావా, నీ మనవరాలు తుపాకీ లేకుండా తీసుకొచ్చింది నన్ను.

జీపు హారన్ దగ్గరగా వినబడింది. ఇటే వస్తున్నారు. చెయ్యి చాపితే ఇమరతీ మారుమాట లేకుండా వచ్చి చంకనెక్కింది, ఒళ్ళంతా వేడిగా, చెమటా బెల్లం వాసనా, ధాపూ దాని మెడలో మొహం దాచుకుని ఒక్క క్షణం అలాగే ఉంది, ఆ ఒక్క క్షణమే. జోళ్ళు భోమా చేతికిచ్చింది. వంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ గడ్డిదుబ్బు దాటారు. దాటాక చూసింది, ఇసుకమీద దారి ఎంత స్పష్టంగా ఉందో, పిల్ల జోళ్ళ గీత, తన వట్టి పాదాలు, వాటిలో భోమా చెప్పులు, పక్కన మూడు వేళ్ళ అడుగులు, గుడ్డివాడు కూడా తడుముకుంటూ గుడ్డుదాకా పోగలడు. గాలి వస్తుందిలే అనుకుంది. రాకపోతే? చార వచ్చినట్టే వచ్చి చాలాసార్లు పక్కకి పోతుంది. ఇందాకటినుంచీ ఏది చెరిగిపోకూడదని వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుందో ఆ దారిమీద ధాపూ తలమీది ఓణీ కొంగు దించింది. చంకన పిల్లతో, వంగి, వెనక్కి నడుస్తూ ఊడ్చింది. తన అడుగులు ఊడ్చింది, కూతురి అడుగులు ఊడ్చింది, పిట్ట అడుగులు అన్నిటికన్నా జాగ్రత్తగా ఊడ్చింది. చీపురు పట్టిన చెయ్యి మర్చిపోలేదు.

గట్టినేల దగ్గరికి వచ్చేసరికి రెండు జీపులూ ఆగాయి. టీకూరామ్ దూకి వచ్చి కూతుర్ని లాక్కుని, ముద్దుపెట్టుకుని, వెంటనే చెయ్యెత్తి, కొట్టలేక దించాడు. "ఎక్కడ చచ్చావే దొంగపిల్లా," అన్నాడు. ఫోటోల కుర్రాళ్ళు సంతోషంగా మూగారు, మెడల్లో కెమెరాలు ఊగుతున్నాయి.

"ఎక్కడ దొరికింది బాయీసా?" అన్నాడు హడమత్ సింగ్.

ధాపూ ఆ కెమెరాల వంక చూసింది. "ఇక్కడే సాబ్, ఈ పొద కింద. నిద్రపోతోంది."

భోమా ఆమెని చూశాడు, నోరు మూసుకున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి. గార్డు చూపు ఆమె ఓణీ కొంగుమీద పడింది, దాన్నిండా ఇసుక. అక్కడినుంచి గడ్డిదుబ్బులవైపు పోయింది, అక్కడ బారెడు వెడల్పున ఇసుక కొత్తగా ఊడ్చిన వాకిలిలా ఉంది. "మీది ఏ ఊరు బాయీసా?" అని మెల్లగా అడిగాడు.

"రావతారామ్ పగీ కూతుర్ని."

అతను తలపాగా సర్దుకున్నాడు, సర్దుకోవలసిన అవసరమేమీ లేదు. "ఇక కదలండయ్యా," అన్నాడు కుర్రాళ్ళవైపు తిరిగి, "ఇటేమీ లేదు, వట్టి ముళ్ళు. గాలొస్తోంది, గుడిసెలో కూర్చోండి." వాళ్ళని తోలుకుపోయాడు, టైరు కూడా అటు పడకుండా, చుట్టూ తిప్పి.

గుడిసె దగ్గర దిగేసరికి ఆకాశం పసుపైంది, తొలి విసురు కాళ్ళకి తగిలింది. టీకూరామ్ గిన్నెలూ దుప్పటీ సర్దుతున్నాడు. "డబ్బాకి మూతేదీ?" అని గుడిసెలోంచి అరిచాడు. తెస్తున్నానని ధాపూ పిల్లలిద్దర్నీ తీసుకుని గుడిసె వెనక్కి వెళ్ళింది. రాయి తీసి, మూత ఎత్తింది. కింద అడుగు చెక్కుచెదరకుండా ఉంది, పెద్ద జోడు, చిన్న బరువు, మూడు మేకులు.

"ఎవరిదో చెప్పు," అంది.

"నీది," అన్నాడు భోమా.

"నాది," అంది ఇమరతీ.

ధాపూ కూతురివంక చూసింది, దాని తలమీద చెయ్యి వేసి, తియ్యలేదు. గాలి వచ్చింది. ముందు అంచులు కదిలాయి, మడమ దగ్గర మేకుల గుర్తులు ఒకటొకటిగా నిండాయి, ఇసుక పొగలా పాకింది, తర్వాత అక్కడ అడుగు ఉండేదని చెప్పడానికి ఏమీ లేదు. ముగ్గురూ కళ్ళు చికిలించి చూస్తూ నిలబడ్డారు.

"పోయింది మా," అంది ఇమరతీ, పెదవి వణికింది.

"పోనీవే," అంది ధాపూ, మూత దులిపి చంకలో పెట్టుకుంటూ. "పాదాలున్నాయిగా. రేపు పొద్దున్న వాకిలి నువ్వే ఊడుద్దువుగాని."